ఆఫీసరా, జవానా, మధ్యలో సుబేదారా? ఆర్మీలో ఎవరి పని ఏది, ఎవరికి ఏ దారి

సికింద్రాబాద్ స్టేషన్‌లో యూనిఫాం వేసుకున్న ఇద్దరు నిలబడి ఉన్నారనుకోండి. ఇద్దరి భుజాల మీదా రెండేసి నక్షత్రాలే. ఒకరికి ఇరవై మూడేళ్లు, ఇంకొకరికి నలభై దాటాయి. వీళ్లలో ఎవరు పెద్ద? వయసు చూసి చెబితే తప్పుతారు. పెద్దాయన భుజం పట్టీని దగ్గరగా చూడండి. నక్షత్రాలతో పాటు అడ్డంగా ఎరుపు, పసుపు, ఎరుపు రంగుల సన్నని రిబ్బన్ కనిపిస్తుంది. ఆ రిబ్బన్ ఉంటే సుబేదార్, లేకపోతే లెఫ్టినెంట్. హోదాలో కుర్రాడే పై మెట్టు, కాబట్టి సుబేదారే ఆయనకు సెల్యూట్ కొడతారు. ఆ కుర్రాడు మాత్రం సుబేదార్‌ని పేరు పెట్టి పిలవడు, 'సాబ్' అంటాడు. సైన్యంలో పని ఎలా పంచుకున్నారో ఆ ఒక్క మాటలో సగం తెలిసిపోతుంది.

మన పోలీసుల్లోనూ ఇదే పద్ధతి కాబట్టి గుర్తుపెట్టుకోవడం సులువు. సీఐకీ డీఎస్పీకీ మూడు నక్షత్రాలే, సీఐకి రిబ్బన్ ఉంటుంది, డీఎస్పీకి ఉండదు.

మూడు వరసలు

చాలామంది సైన్యాన్ని ఆఫీసర్లు, జవాన్లు అని రెండుగా చూస్తారు. మన ఆర్మీలో ఉన్నవి మూడు వరసలు.

కింది వరసలో సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్. సిపాయి చేతికి పట్టీ ఉండదు. మిగతా ముగ్గురికి వరసగా ఒకటి, రెండు, మూడు పట్టీలు. ఆర్టిలరీలో సిపాయిని గన్నర్ అంటారు, ఇంజనీర్లలో సాపర్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మ్యాన్, ట్యాంకు దళాల్లో సవార్. పేరు మారినా హోదా అదే.

నడిమి వరస జేసీఓలది (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు): నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. బ్రిటిష్ వాళ్ల కాలంలో వీళ్లను వైస్రాయ్ కమిషన్డ్ ఆఫీసర్లు అనేవారు. తెల్ల ఆఫీసరుకు సిపాయి భాష రాదు, ఊరు తెలియదు, మనసు అసలే అర్థం కాదు. ఆ లోటు పూడ్చడానికి పెట్టిన మెట్టు ఇది. స్వాతంత్ర్యం వచ్చాక పేరు మారింది, పని మారలేదు. దాదాపు అందరూ సిపాయిగా మొదలుపెట్టి ఇక్కడిదాకా ఎదిగినవాళ్లే. మత బోధకుల్లాంటి కొద్దిపాటి కొలువులకు మాత్రం నేరుగా జేసీఓగా తీసుకుంటారు.

పై వరసలో లెఫ్టినెంట్ నుంచి జనరల్ వరకు ఆఫీసర్లు. లెఫ్టినెంట్‌కి రెండు నక్షత్రాలు, కెప్టెన్‌కి మూడు, మేజర్‌కి అశోక చిహ్నం, లెఫ్టినెంట్ కల్నల్‌కి చిహ్నంతో పాటు ఒక నక్షత్రం, కల్నల్‌కి చిహ్నం, రెండు నక్షత్రాలు.

జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ అన్న పేరు వల్ల జేసీఓ అంటే చిన్న ఆఫీసరనీ, నాలుగేళ్లు ఆగితే కెప్టెన్ అవుతాడనీ ఇళ్లలో అనుకుంటుంటారు. అలా కాదు. సుబేదార్ మేజర్ తర్వాత ఆ నిచ్చెనకు మెట్టు లేదు. ఎంపికైన కొందరికి రిటైర్మెంట్ దగ్గర పడినప్పుడు గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవం సందర్భంగా గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ హోదాలు ఇస్తారు. అది గౌరవమే తప్ప లెఫ్టినెంట్ ఉద్యోగం కాదు.

ఒక గుట్ట, నలుగురు మనుషులు

ఇన్‌ఫాంట్రీలో పదిమంది కలిస్తే ఒక సెక్షన్, దానికి హవల్దార్ కమాండర్. మూడు సెక్షన్లు ఒక ప్లాటూన్, దానికి సాధారణంగా జేసీఓ. మూడు ప్లాటూన్లు కలిపి సుమారు 120 మందితో ఒక కంపెనీ, దానికి మేజరో లెఫ్టినెంట్ కల్నలో. దాదాపు 800 మంది ఉండే బెటాలియన్‌కి కల్నల్ హోదాలో కమాండింగ్ ఆఫీసర్, అందరూ సీఓ అంటారు.

ఇప్పుడు ఒక గుట్టను పట్టుకోవాలి. మేజర్ నేల మీద మట్టితో గుట్ట నమూనా చేయించి ప్లాటూన్ కమాండర్లను చుట్టూ కూర్చోబెడతాడు. ఏ గుట్ట, ఎన్ని గంటలకల్లా, ఏ వైపు నుంచి, ఫిరంగుల కాల్పులు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలి, పని అయ్యాక ఏం చేయాలి: ఇవి ఆయన తేల్చేవి. ఎంతమందిని ప్రమాదంలోకి పంపాలన్నదీ ఆయన నిర్ణయమే. ఎదురుదెబ్బ తగిలితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సిందీ ఆయనే.

సుబేదార్ అది విని తన ప్లాటూన్ దగ్గరికి వస్తాడు. ముందు ఏ సెక్షన్, వెనక ఏది, ఎవరి కాలికి దెబ్బ ఉంది, ఏ కుర్రాడు నిన్న ఇంటికి ఫోన్ చేసినప్పటి నుంచి ముభావంగా ఉన్నాడు, మందుగుండు తలా ఎంత, నీళ్ల సీసాలు నిండాయా. మేజర్ మ్యాప్‌లో లేనివన్నీ ఈయన బుర్రలో ఉంటాయి.

హవల్దార్ ఇంకా కిందికి దిగుతాడు. ఎల్ఎంజీని (లైట్ మెషిన్ గన్) ఏ బండ పక్కన పెట్టాలి, దాన్ని ఎవరు కాల్చాలి, గ్రెనేడ్ ఎవరు విసరాలి, ఎవరు ఎవరికి కవరింగ్ ఇవ్వాలి. మనిషి మనిషినీ చేత్తో చూపించి చెబుతాడు. సిపాయి తనకు చూపించిన దిక్కును విడవడు. పక్క దిక్కులో చప్పుడైందని అటు తిరిగితే తన దిక్కు ఖాళీ అవుతుంది. శిక్షణలో కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

అందుకే ఆర్డర్లు చివరి మనిషి దాకా చేరాలంటారు. కంపెనీ కమాండర్ పడిపోతే తర్వాతివాడు, ప్లాటూన్ కమాండర్ పడిపోతే సీనియర్ హవల్దార్ పగ్గాలు అందుకోవాలి. ఎందుకు చేస్తున్నామో తెలియని సెక్షన్, చెప్పినవాడు పడిపోగానే ఉన్నచోటే ఆగిపోతుంది.

ఆఫీసరంటే గుడారంలో కూర్చుని వైర్‌లెస్‌లో మాట్లాడేవాడని అనుకోకండి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో 16 బిహార్ సీఓ, సూర్యాపేటకు చెందిన కల్నల్ బి. సంతోష్ బాబు తన మనుషుల ముందుండి ప్రాణాలిచ్చారు. అదే ఘర్షణలో అదే బెటాలియన్‌కు చెందిన నాయబ్ సుబేదార్ నుదురాం సోరెన్ తన జట్టును నడిపిస్తూ అమరులయ్యారు. ఒకరికి మహావీర చక్ర, ఇంకొకరికి వీర చక్ర.

యుద్ధం లేని రోజుల్లో: కోత్, సెలవు

సైన్యంలో ఎక్కువ రోజులు గడిచేది గుట్టల మీద కాదు, యూనిట్‌లో. అక్కడ కంపెనీ నడిచేది ఇద్దరు హవల్దార్ల మీద. మొదటివాడు కంపెనీ హవల్దార్ మేజర్, సీహెచ్ఎం: హాజరు, డ్యూటీలు, క్రమశిక్షణ చూస్తాడు. రెండోవాడు క్వార్టర్ మాస్టర్ హవల్దార్: బూట్లు, దుప్పట్లు, రేషన్, సామాను. కొత్తగా వచ్చిన సిపాయి రోజు బాగా గడవాలంటే ముందు తెలుసుకోవాల్సినవి ఈ ఇద్దరి పేర్లే.

ఆయుధాలు దాచే గదిని కోత్ అంటారు. రైఫిల్ ఇచ్చేటప్పుడు కోత్ ఎన్‌సీఓ (ఆ గది చూసుకునే నాయక్ లేదా హవల్దార్) నంబరు చూసి రిజిస్టర్‌లో రాసి, సంతకం తీసుకుని ఇస్తాడు. తిరిగి తెచ్చినప్పుడు మళ్లీ నంబరు చూసుకుంటాడు. లెక్క సరిపోయిందా అని జేసీఓ చూస్తాడు. ఆఫీసర్ ముందస్తుగా చెప్పకుండా వచ్చి చేత్తో లెక్కపెడతాడు. ఒకే వస్తువుకు మూడు లెక్కలెందుకంటే, రిజిస్టర్‌లో అంకె సరిపోయి రైఫిల్ మాత్రం వేరే నంబరుది ఉన్నప్పుడు దొరికేది మూడో లెక్కలోనే. 'ఉన్నాయి కదా సాబ్' అన్న మాట నమ్మి సంతకం పెట్టే కుర్ర ఆఫీసర్లు ఇక్కడే ఇరుక్కుంటారు. లెక్కపెట్టింది ఎన్‌సీఓ అయినా విచారణలో నిలబడేది సంతకం పెట్టినవాళ్లు.

సెలవు సంగతి. చెల్లెలి పెళ్లికి ఇరవై రోజులు కావాలి. సిపాయి నేరుగా మేజర్ గదికి వెళ్లి అడిగితే పని కాదు సరికదా, సెక్షన్ కమాండర్‌తో చెడుతుంది. ముందు సెక్షన్ కమాండర్‌కి చెప్పాలి, ఆయన ప్లాటూన్ జేసీఓకి, అక్కణ్నుంచి సీహెచ్ఎంకి, సీనియర్ జేసీఓకి, ఆ తర్వాత కంపెనీ కమాండర్‌కి. ఎన్ని మెట్లో అనిపిస్తుంది కానీ కారణం ఉంది. అదే వారం ఆ సెక్షన్ నుంచి ఇంకో ముగ్గురు సెలవులో ఉన్నారన్నది మేజర్‌కి తెలియకపోవచ్చు, హవల్దార్‌కి తెలుసు. తేదీలు ముందే తెలిస్తే నెలన్నర ముందు చెప్పి, పెళ్లి పత్రిక ఇవ్వండి. తల్లిదండ్రులకు ఒంట్లో బాగాలేదన్న అత్యవసరమైతే రాత్రయినా సరే డ్యూటీలో ఉన్న జేసీఓకి చెప్పాలి. పొద్దున చెబుదామని ఆగకూడదు.

మెట్లన్నీ ఎక్కినా ఎవరూ వినకపోతే? కంపెనీ కమాండర్‌తో ఇంటర్వ్యూ అడిగే హక్కు సిపాయికి ఉంది, ఆపైన సీఓతోనూ. సైనిక్ సమ్మేళన్‌లో సీఓ అందరి ముందూ మాట్లాడి, చెప్పుకోవాల్సింది ఉంటే చెప్పమంటారు. వ్యక్తిగత గోడు అక్కడ వెళ్లబోసుకోకండి, ఆ వేదిక అందరికీ సంబంధించిన వాటికి.

కొత్త లెఫ్టినెంట్ ఎక్కడ తప్పటడుగు వేస్తాడు

ఇరవై ఏళ్ల సర్వీసున్న సుబేదార్‌ని కొత్త లెఫ్టినెంట్ రెండు రకాలుగా పోగొట్టుకుంటాడు. అన్నీ తనకే తెలుసన్నట్టు మాట్లాడటం మొదటిది. ప్రతిదానికీ 'సాబ్, మీరే చూసుకోండి' అని వదిలేయడం రెండోది, ఇంకా చెడ్డది. సుబేదార్ సలహా ఇవ్వాలి, ఆఫీసర్ నిర్ణయం తీసుకోవాలి. అడగాల్సిన పద్ధతి ఇదీ: ముందు తన ఆలోచన చెప్పకుండా 'ఇక్కడ మీరైతే ఏం చేస్తారు సాబ్?' అనాలి. తన ఆలోచన ముందే చెప్పేస్తే, ఎదుటివాళ్లు మర్యాద కొద్దీ అవునంటారు.

హవల్దార్‌ని పక్కనపెట్టి నేరుగా సిపాయికి పని చెప్పడం ఇంకో పొరపాటు. ఒక్కసారి చేస్తే చాలు, ఆ సిపాయి రేపటి నుంచి హవల్దార్ మాట సగమే వింటాడు. హవల్దార్‌ని మందలించాలంటే జవాన్ల ముందు వద్దు, పక్కకు పిలిచి మాట్లాడాలి.

మొదటి నెలలో చేయాల్సింది ఒకటుంది: ప్లాటూన్‌లో ప్రతి మనిషి పేరు, ఊరు, ఇంట్లో ఎంతమంది, ఏ భాష. మద్రాస్ రెజిమెంట్‌లో తమిళ, మలయాళ, కన్నడ, తెలుగు వాళ్లు కలిసి ఉంటారు. అక్కడికి వచ్చిన ఉత్తరాది ఆఫీసర్ జవాన్ల భాష నేర్చుకోవాల్సిందే. 'తిన్నావా?' అని తెలుగులో అడిగే పంజాబీ కెప్టెన్‌కి మనవాడు చెప్పే నిజాలు, హిందీలో అడిగేవాడికి చెప్పడు.

జీతం, ప్రమోషన్: ముందే తెలిసి ఉండాల్సిన లెక్క

ఏడో వేతన సంఘం లెక్కలో లెఫ్టినెంట్ మూల వేతనం 56,100, సిపాయిది 21,700, హవల్దార్‌ది 29,200, సుబేదార్‌ది 44,900 రూపాయల దగ్గర మొదలవుతుంది. మిలిటరీ సర్వీస్ పే ఆఫీసర్‌కి 15,500, జేసీఓలకూ జవాన్లకూ 5,200. డీఏ, ఇతర భత్యాలు వీటికి అదనం.

ఆఫీసర్ రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్. మధ్యలో పార్ట్ బి, పార్ట్ డి పరీక్షలు పాసవాలి. అక్కడిదాకా దాదాపు కాలం లెక్కే, కల్నల్ దగ్గర మాత్రం ఎంపిక బోర్డు పెట్టి వడపోస్తారు. జవాన్ల వైపు మొదటి నుంచే వడపోత: ప్రమోషన్ కేడర్ అనే కోర్సు పాసవాలి, మెడికల్ కేటగిరీ బాగుండాలి, రిపోర్టులు బాగుండాలి, వీటన్నిటితో పాటు ఖాళీ ఉండాలి. అన్నీ ఉండి ఖాళీ లేక హవల్దార్‌గానే ఇంటికొచ్చినవాళ్లు చాలామంది.

ఏ వయసులో ఏ తలుపు

'ముందు సిపాయిగా చేరిపో, తర్వాత ఆఫీసర్ అవ్వొచ్చు' అని ఊళ్లో పెద్దలు ఇచ్చే సలహా పూర్తిగా తప్పు కాదు కానీ చాలా ఇరుకు దారి. ఆఫీసర్ అవ్వాలనుంటే నేరుగా ఉన్న తలుపులన్నీ తట్టాకే అటు చూడండి.

ఆరో తరగతికీ తొమ్మిదో తరగతికీ సైనిక్ స్కూలు. విజయనగరం దగ్గర కోరుకొండ, రాయలసీమలో కలికిరి. సంతోష్ బాబు చదివింది కోరుకొండలోనే.

ఇంటర్‌లో ఉన్నా, పాసైనా ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష. వయసు 16½ నుంచి 19½ మధ్య, అదీ కోర్సు మొదలయ్యే తేదీకి. రెండో ప్రయత్నం, మూడో ప్రయత్నం అనుకుంటూ ఈ లెక్క మరిచిపోయేవాళ్లు ఎక్కువ. పుట్టిన తేదీ పెట్టి మీకు మిగిలిన పరీక్షలు ఎన్నో ఇవాళే లెక్కేసుకోండి, ఏడాదికి రెండే ఉంటాయి. ఆర్మీ విభాగానికి ఏ గ్రూపు ఇంటర్ అయినా సరిపోతుంది, బైపీసీ, సీఈసీ వాళ్లూ రాయొచ్చు. కానీ గణితం పేపరు 300 మార్కులు, ప్రశ్నలు ఇంటర్ స్థాయిలో ఉంటాయి, కాబట్టి వాళ్లు విడిగా నేర్చుకోక తప్పదు. జనరల్ ఎబిలిటీ 600, ఎస్ఎస్‌బీ, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు పెట్టే పరీక్షలు, ఇంటర్వ్యూ, 900. తప్పు జవాబుకు మూడో వంతు కోత. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే. ఎంపీసీలో 60 శాతం, జేఈఈ మెయిన్ రాసి ఉంటే టెక్నికల్ ఎంట్రీ కూడా ఉంది, దానికి ఎన్డీఏ రాత పరీక్ష లేదు.

డిగ్రీ వాళ్లకు సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష. అందులో చెన్నై ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) ఎంచుకుంటే గణితం పేపరు ఉండదు, ఇంగ్లిష్, జీకే చాలు. లెక్కలంటే భయపడే బీఏ, బీకాం వాళ్లకు ఈ సంగతి తెలియక అవకాశం పోతుంది. ఎన్‌సీసీ సి సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడ్, డిగ్రీలో 50 శాతం ఉంటే రాత పరీక్షే లేకుండా ఎస్ఎస్‌బీకి వెళ్లొచ్చు. ఆ సర్టిఫికెట్‌ని పోలీసు ఉద్యోగానికే అనుకుని బీరువాలో పెట్టుకోకండి. బీటెక్ వాళ్లకు టెక్నికల్ కోర్సులు ఉన్నాయి, వయసు 20 నుంచి 27.

ఎస్ఎస్‌బీ అయిదు రోజులు. మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే ఎక్కువమంది ఇంటికి. మన పిల్లలు పోయేది సాధారణంగా తెలివి తక్కువై కాదు, బొమ్మ చూసి రాసిన కథను గ్రూపులో ఇంగ్లిష్‌లో నిమిషంపాటు చెప్పలేక. ఇంటి దగ్గర రోజూ ఒక ఫొటో తీసుకుని నాలుగు నిమిషాల్లో కథ రాసి, గట్టిగా పైకి చెప్పడం రెండు నెలలు చేయండి. రెండో రోజు పదాల పరీక్షలో 60 పదాలు, ఒక్కోదానికి 15 సెకన్లు. బట్టీ పట్టిన ఆదర్శ వాక్యాలు రాస్తే, తర్వాత ఇంటర్వ్యూలో మీరు చెప్పేదానికీ వాటికీ పొంతన కుదరదు.

జవానుగా చేరాలంటే ఇప్పుడున్న దారి 2022లో మొదలైన అగ్నివీర్. నాలుగేళ్లు, ఆ తర్వాత 25 శాతం వరకు రెగ్యులర్ సర్వీసుకు తీసుకుంటారు. నెల ప్యాకేజీ మొదటి ఏడాది 30,000, నాలుగో ఏడాది 40,000. అందులో 30 శాతం సేవానిధికి కోసుకుంటారు కాబట్టి చేతికి 21,000తో మొదలవుతుంది. నాలుగేళ్ల తర్వాత బయటికొచ్చేవారికి సుమారు 11.71 లక్షలు, పింఛను లేదు. ఇంట్లో అప్పు లెక్కలు వేసేటప్పుడు 30,000 పెట్టకండి, 21,000 పెట్టండి.

జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 ఉండాలి. క్లర్క్ విభాగానికి ఇంటర్ 60 శాతం, ఒక్కో సబ్జెక్టులో 50. ముందు కంప్యూటర్ పరీక్ష, ఇది ఇప్పుడు తెలుగులోనూ రాయొచ్చు. దరఖాస్తులో భాష ఎంచుకునేటప్పుడు అలవాటుగా ఇంగ్లిష్ నొక్కేయకండి. ఆ తర్వాత ర్యాలీ: 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరుగెత్తితే పూర్తి 60 మార్కులు, పుల్ అప్స్ పది తీస్తే 40. తొమ్మిది అడుగుల గుంత దూకాలి. పరుగు సమయాలు, వయసు పరిమితి నోటిఫికేషన్‌కీ నోటిఫికేషన్‌కీ మారుతుంటాయి, కిందటేడాది యూట్యూబ్ వీడియో నమ్ముకోవద్దు. ఏపీ వాళ్లకు గుంటూరు, విశాఖ రిక్రూటింగ్ ఆఫీసులు, తెలంగాణకు సికింద్రాబాద్. పరుగు బాగా వచ్చి పుల్ అప్స్ ఆరు దగ్గర ఆగేవాళ్లే మన దగ్గర ఎక్కువ. రోడ్డు మీద పరుగెత్తడం అందరూ చేస్తారు, చెట్టు కొమ్మకు వేలాడటం ఎవరూ చేయరు.

చేరాక ఆఫీసర్ అవ్వాలనుకునేవారికి డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కాలేజ్ ఉంది. కనీసం రెండేళ్ల సర్వీసు, 20 నుంచి 27 ఏళ్ల మధ్య వయసు, ఇంటర్ పాస్. రాత పరీక్ష, యూనిట్ సిఫార్సు, ఆపైన అందరితో పాటు అదే ఎస్ఎస్‌బీ. సిపాయిగా చేరినవాడికి చదివే టైం దొరికేది సాయంత్రం రోల్ కాల్ తర్వాతే. ఈ సర్క్యులర్ ఎప్పుడొస్తుందో, అందులో ఎవరికి అర్హత ఉందో తెలిసేది యూనిట్‌లో చదువు చూసే ఎడ్యుకేషన్ వాళ్లకు, కాబట్టి మొదటి ఏడాదే వాళ్లను పరిచయం చేసుకోండి.

విశాఖ వాళ్లకు ఒక మాట: నేవీ కెప్టెన్ అంటే ఆర్మీ కెప్టెన్ కాదు, ఆర్మీ కల్నల్‌తో సమానం. ఎయిర్‌ఫోర్స్ సార్జెంట్ మన హవల్దార్‌కి సాటి, అక్కడి వారంట్ ఆఫీసర్లు జేసీఓల వరస.

ఇక కాగితాలు. మన రెండు రాష్ట్రాల పిల్లలకు ఎదురయ్యే చిక్కు ఇంటిపేరు. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం, నేటివిటీ సర్టిఫికెట్‌లో పేరు తర్వాత ఇంటిపేరు. తండ్రి పేరుదీ అదే గోల. పరుగు పాసై, కాగితాల టేబుల్ దగ్గర ఆగిపోతే ఆ రోజు సరిచేసేవాళ్లు ఎవరూ ఉండరు. ఎస్సెస్సీ మెమోని ఆధారంగా పెట్టుకుని, ఆధార్‌ని దానికి తగ్గట్టు దరఖాస్తుకు ముందే మార్పించుకోండి. కుల, నివాస ధ్రువపత్రాల తేదీలు కూడా నోటిఫికేషన్ అడిగిన గడువులో ఉన్నాయో లేదో చూసుకోండి. 'మెడికల్ నేను చూసుకుంటా' అని డబ్బు అడిగేవాడు ర్యాలీ గేటు బయట ఎవడో ఒకడు తగులుతాడు. వాడి చేతికి ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వకండి, డబ్బు పోయినా తిరిగి సంపాదించొచ్చు, మెమో కోసం బోర్డు ఆఫీసు చుట్టూ తిరిగేసరికి వయసు దాటిపోతుంది.